దులపని చొక్కా

తన బిడ్డకు తన చేతులే కీడు చేస్తున్నాయేమో. ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇదే. మొగుడి పని పోతుందేమోనని భయం, గది ఖాళీ చేయమంటారేమోనని భయం, ఎండలు ముదిరితే కుళాయి ఎండిపోతుందేమోనని భయం. అవన్నీ దీని వెనక నిలబడేవే. దీన్ని మాత్రం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందోనని నోట్లోనే నొక్కిపెట్టుకుని తిరుగుతోంది.

ఆ రోజు పొద్దున రావాల్సిన నీళ్లు మధ్యాహ్నానికి గాని రాలేదు. వరసగదుల ఆడవాళ్లంతా ఒక్కసారిగా కుళాయి మీద పడ్డారు. ఆమె చంకలో పిల్లవాడు, చేతిలో బకెట్, బకెట్లో నిన్నటి గుడ్డలు, వాటిమీద తడిగుడ్డలో చుట్టిన సబ్బు. పిల్లవాడు తెల్లవారినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, ఇప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతున్నాడు.

"జరగండమ్మా జరగండి, సబ్బుబిళ్ల వచ్చింది. ఇక నురగకు కూడా లెక్క చెప్పాలి మనం," అందొకావిడ. అందరూ నవ్వారు.

సబ్బుబిళ్ల అన్నది వరసలో ఆమెకు పెట్టిన పేరు. అరిగిపోయిన సబ్బుముక్కల్ని ఎవరైనా పారేస్తారు. ఆమె పాత డబ్బాలో దాచి, నాలుగు పోగయ్యాక వేడినీళ్లలో కరిగించి, గిన్నెలో పోసి మళ్లీ బిళ్ల కడుతుంది. ఒక సబ్బుకట్ట కొనాలంటే మొగుడి సగంరోజు కూలి కరిగిపోయే ఇంట్లో ముక్క పారేయడానికి చెయ్యి ఎలా వస్తుంది? పేరు పెట్టినవాళ్లకు అది వెటకారం. ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా.

గుడ్డలు దించి, మూట విప్పి, సబ్బును ముందూ వెనకా తిప్పి చూసుకుంది. సబ్బు మీద గోటితో గీత గీసి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. గీత చెరిగిందంటే ఎవరో వాడారన్నమాట. ఆ చూపు చూసి, పక్కన ఉతుక్కుంటున్న ఎదురుగది అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"అట్లా చూడకక్కా! నీ సబ్బు నేనేం కొరుక్కు తినలేదులే."

"నేనేమన్నా అన్నానా నిన్ను?"

"నోటితో అనలేదు. నీ కళ్లే పోలీసు స్టేషనుకు వెళ్లొచ్చాయి."

ఆ అమ్మాయి ఆమెకన్నా రెండు మూడేళ్లు చిన్నది. ఆ అమ్మాయి పాప రాతి మీద కూర్చుని తడి చేతులతో తప్పట్లు కొడుతోంది. ఇంకా పాకే వయసు. సబ్బుబిళ్ల ఆ పాప వంక చూసి, తన చంకలోని పిల్లవాడి వంక చూసుకుంది. వీడు దానికన్నా చాలా పెద్ద. కిందటి చలికాలంలో గోడ పట్టుకుని నిలబడ్డాడు. గోడ వదిలి తండ్రి దగ్గరికి అడుగులు వేశాడు. అమ్మ అన్నాడు, నాన అన్నాడు, కుళాయిని చూసి 'జల్లు' అన్నాడు. ఇప్పుడు నిలబెడితే కాళ్లు మడతపడతాయి. మాటలు ఒక్కొక్కటే ఎటు పోయాయో పోయాయి. 'జల్లు' పోయింది, 'నాన' పోయింది. 'అమ్మ' అని పిలిచి ఎన్నాళ్లయిందో తలుచుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం లేదు.

"ఇవాళైనా తిన్నాడా?" అనడిగింది ఎదురుగది అమ్మాయి, గొంతు తగ్గించి.

"రెండు ముద్దలు. అవీ కక్కేశాడు."

"డాక్టరేమన్నాడు?"

"పురుగులన్నాడు. మందిచ్చాడు. పురుగులూ పడలేదు, వీడూ తేరుకోలేదు."

పిల్లవాడు డీలాపడినప్పటి నుంచి ఆమె అనుమానించని వస్తువు లేదు, మనిషి లేడు. ముందు పాలవాడిని అనుమానించింది. వాడు ఏ నీళ్లు కలుపుతున్నాడోనని మరో పాలవాడిని పెట్టుకుంది. తర్వాత కుళాయి నీళ్లు. కాచి, వడగట్టి, మూత మీద మూత పెట్టింది. తర్వాత అత్త పంపిన నూనె. తర్వాత పిల్లవాడికి ఎవరో ఇచ్చిన రంగుల గిలక్కాయ. దాన్ని పొయ్యిలో పడేస్తే వాడు ఆ పూటంతా ఏడ్చాడు. ఎదురుగది అమ్మాయి వాణ్ణి ఎత్తుకుంటే ఆ చేతులు కడుక్కుందో లేదోనని చూసేది. అన్నీ మార్చింది. వాడొక్కడు మారలేదు. ఇక మిగిలింది తను, తన చేతులు, ఆ చేతుల్లో సబ్బు.

సబ్బు మీదికి అనుమానం మళ్లడానికి కారణం ఉంది. అది కంపెనీ ఇచ్చిన సబ్బు.

ఆ వీధుల్లో సగంమంది మగవాళ్లకు బ్యాటరీల కార్ఖానాలోనే పని. ఆమె మొగుడు పలకల విభాగంలో. సీసం పొడిని ముద్దచేసి జల్లెడపలకల మీద రుద్దే చోటు అది. సాయంత్రం ఇంటికొస్తే చొక్కా మడతల్లో, జేబు అడుగున, కాలరు లోపల బూడిదరంగు పొడి మెత్తగా పేరుకుని ఉండేది. పోయిన ఏడాది దాకా ఆ చొక్కాలు ఇంటికి వచ్చేవి కావు. కార్ఖానా లోపలే ఉతుకుడు గది ఉండేది. సాయంత్రం చొక్కా అక్కడ విప్పేసి, స్నానం చేసి, సొంత బట్టల్లో వచ్చేవాళ్లు. ఒకరోజు ఆ గదికి తాళం పడింది. ఖర్చు ఎక్కువవుతోందన్నారు. మీ బట్టలు మీ ఇంట్లో ఆడవాళ్లు ఉతికినంత శుభ్రంగా ఎవరుతుకుతారన్నారు. ఆ మాట వినడానికి బాగానే ఉంది. ఇంటికి నెలకో సబ్బు ఉచితమన్నారు. అది ఇంకా బాగుంది. ఆ సబ్బు పదిరోజులకు మించి రాలేదు. మిగతా రోజులకు జేబులోంచే.

సబ్బు చాలడంలేదని మగవాళ్లు గొణగడం మొదలెట్టేసరికి, కంపెనీ సంక్షేమం మేడమ్‌ని పంపింది. గుండ్రటి ముఖం, మెత్తటి మాట. గోడకు బొమ్మల పటం తగిలించి, పొదుపుగా ఉతకడం ఎలాగో నేర్పింది. నిజం చెప్పాలంటే చాలా మంచి సంగతులే చెప్పింది. గుడ్డలన్నీ రుద్దనక్కర్లేదు, కాలరు, చేతి అంచులు రుద్దితే చాలు. రాత్రే నానబెడితే పొద్దున సగం మురికి దానంతటదే వదులుతుంది. ముందు పసిపిల్లల గుడ్డలు, తర్వాత ఇంటివి, ఆఖరున పనిబట్టలు. ఒకే నీళ్లు మూడు వరసలకు సరిపోతాయి. ఆరేసే ముందు గట్టిగా విదిలిస్తే ఇస్త్రీ అక్కర్లేదు. వీటిలో చాలావరకు సబ్బుబిళ్ల ఎప్పటినుంచో చేస్తున్నవే. ఒక్కటి మాత్రం కొత్తగా నేర్చుకుంది. పటంలో మొదటి బొమ్మ అదే. పనిబట్టల్ని తడపకముందే బాగా దులపాలి. పొడి రాలిపోతే సబ్బు సగం మిగులుతుంది.

నిజంగానే మిగిలింది. సబ్బుబిళ్ల సంబరం అంతా ఇంతా కాదు. వసారాలో దులిపితే పక్కవాళ్లు తమ గుడ్డల మీద పడుతోందని తగువుకొచ్చారు. అందుకని తలుపు వేసుకుని, కిటికీ పక్కన గదిలోనే దులిపేది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి పలకలా దిగేది. చొక్కా టపటపమని విదిలించగానే ఆ ఎండలో వేల రవ్వలు లేచి మిలమిలలాడేవి. పిల్లవాడికి అదొక ఆట. పాక్కుంటూ వచ్చి, ఆ రవ్వల్ని పట్టుకోవాలని రెండు చేతులూ చాపి, పిడికిళ్లు మూసి, దొరికాయో లేదోనని నోట్లో పెట్టుకుని కిలకిలా నవ్వేవాడు. వాడు నవ్వుతున్నాడని ఆమె ఇంకో రెండుసార్లు దులిపేది.

కంపెనీ పెట్టిన ఉతుకుడు పొదుపు పోటీలో ఆమెకే మొదటి బహుమతి వచ్చింది. తక్కువ సబ్బుతో తెల్లగా ఉతికినందుకు ఒక పెద్ద పసుపుపచ్చ బకెట్. దాని మీద కంపెనీ గుర్తు. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు ఎవరైనా చప్పట్లు కొట్టింది అప్పుడే. ఎదురుగది అమ్మాయికి రెండో బహుమతిగా మగ్గు వచ్చింది. "బకెట్ నీకు, మగ్గు నాకు. ఇద్దరం కలిస్తే గాని ఒక స్నానం కాదు," అని ఆ అమ్మాయి నవ్వుతూనే అన్నా, కళ్లు మాత్రం బకెట్ మీద నుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం సబ్బుబిళ్ల సబ్బును గుడ్డలో చుట్టుకుని, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, వరస చివర గదికి వెళ్లింది. అక్కడ ఆవిరమ్మ ఉంటుంది. కార్ఖానా ఉతుకుడు గదిలో బట్టలు మరగబెట్టే డేగిసాల దగ్గర వయసంతా గడిపింది కాబట్టి ఆమెకు ఆ పేరు. గది మూసేశాక ఆవిరమ్మను ఇంటికి పంపేశారు. మనిషి సగమైపోయింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుంచి కిందికి వేలాడుతుంది. పైకెత్తాలంటే ఎడమచేత్తో పట్టుకుని ఎత్తుకోవాలి.

"ఏమ్మా, దారి తప్పి వచ్చావా?" అంది ఆవిరమ్మ. మంచం మీద నుంచి లేవలేదు.

"పెద్దమ్మా, ఈ సబ్బు ఒకసారి చూస్తావా? మీకు లోపల ఇచ్చింది ఇదేనా?"

ఆవిరమ్మ వాసన చూసింది. నాలుక చివర ఆనించి ఉమ్మింది. "ఇదే. దీనికేం, మంచి సబ్బే. ఎందుకడుగుతున్నావు?"

"వీడు... వీడికి బాగుండటంలేదు. ఇందులో ఏమన్నా కలిపారేమోనని."

ముసలామె పిల్లవాడి వంక తేరిపార చూసింది. పెదవి పైకెత్తి వాడి చిగుళ్లు చూసింది. "ఎట్లా ఉతుకుతావు చొక్కాలు?" అంది.

సబ్బుబిళ్లకు ఉషారు వచ్చింది. ఇది ఆమె గెలిచిన పాఠం. ముందు పిల్లాడివి, తర్వాత మావి, ఆఖరున ఆయనవి అని వరస చెప్పి, "తడిపేముందు ఇట్లా బాగా దులుపుతాను పెద్దమ్మా," అని గాలిలో రెండు చేతులూ విదిలించి చూపింది.

ఆవిరమ్మ గబుక్కున ఎడమచేత్తో ముక్కూ నోరూ మూసుకుంది. గాల్లో ఏమీ లేదు. అయినా మూసుకుంది. అది చూసి సబ్బుబిళ్ల చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"దులుపుతావా?" అంది ఆవిరమ్మ, చెయ్యి తీయకుండానే. "పొడిచొక్కానా?"

"అవును. ఎందుకు?"

"మమ్మల్ని దులపనిచ్చేవాళ్లు కాదే తల్లీ! ఒకమ్మాయి కొత్తగా వచ్చి తెలియక దులిపితే ఫోర్‌మన్ ఆ పూట కూలి కోసేశాడు. చొక్కా గోతాంలోంచి నేరుగా నీళ్లలోకే. తడిసిందాకా ముట్టుకోకూడదు. మూతికి గుడ్డ. ఎందుకూ అనడిగితే రూలు అనేవాడు. రూలే కదా అని మూతిగుడ్డ ఎప్పుడు పడితే అప్పుడు తీసేసేదాన్ని. ఆ ఆవిరిలో ఊపిరాడేది కాదు మరి." ముసలామె తన వేలాడే చేతిని ఒళ్లోకి తీసుకుని చూసుకుంది. "నిన్నెవరు దులపమన్నారు?"

"కంపెనీ మేడమ్. పటంలో ఉంది."

"అదే కంపెనీయా?"

"ఆ. అదే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లవాడు మూలిగాడు.

సబ్బుబిళ్ల ఇంటిదారి పట్టింది. బుర్ర ఊరుకోలేదు. అనుమానం అలవాటైన మనిషి కదా, ముసలామెను కూడా అనుమానించింది. పని పోయిన కడుపుమంటతో కంపెనీ మీద లేనిపోనివి చెబుతోందేమో. ఆ చెయ్యి వయసుకు పడిపోయిందేమో. నలుగురిలో నాకు బహుమతి రావడం ఆమెకు కంటగింపేమో. మేడమ్ ముఖం చూస్తే అబద్ధం చెప్పే మనిషిలా లేదే! ఇంతకీ ఎవరిని నమ్మాలి? ముసలామె చెప్పింది నిజమైతే, ఇన్నాళ్లూ కిటికీ పక్కన నిలబడి, వాడు నవ్వుతున్నాడని ఇంకా ఇంకా దులిపిన చేతులు ఎవరివి? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆమె నడక ఆపి, వీధి మధ్యలోనే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మొగుడు అప్పటికే వచ్చి ఉన్నాడు. పొట్ట పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఈ మధ్య అతనికీ సాయంత్రమయ్యేసరికి కడుపులో మెలిపెట్టినట్టుంటోంది. అయినా మొహం వెలిగిపోతోంది.

"నీకో శుభవార్త. ఎల్లుండి హాల్లో మీటింగట. మేనేజరు స్వయంగా వస్తాడట. మొదటి బహుమతి మనిషే అందరిముందూ ఉతికి చూపించాలట. ఫొటో తీస్తారట. ఫోర్‌మన్ నా భుజం తట్టి మరీ చెప్పాడు."

"ఏమండీ, మేనేజరు మీ విభాగంలోకి వస్తాడా ఎప్పుడైనా?"

"ఎందుకు రాడు? వస్తాడు."

"లోపలికా?"

"లోపలికంటే... గాజు అద్దం అవతల నిలబడి చూస్తాడు. పెద్దవాళ్లు మా మధ్యలోకి వచ్చి ఏం చేస్తారు?" ఆమె మొహం చూసి అతని నవ్వు ఆరిపోయింది. "ఏంటి? ఎవరేం చెప్పారు నీకు?"

ఆమె చెప్పింది. చెబుతుంటే అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"ఆ ముసలిదానికి పనీ పాటా లేదు. అందరం రోజూ ఆ పొడిలోనే ఉంటాం. చచ్చామా?"

"మీ కడుపునొప్పి?"

"హోటలు తిండి పడక."

"వాడు హోటల్లో తినలేదు కదండీ."

అతను లేచి, చొక్కా విప్పి, అలవాటుగా ఆమె చేతికి ఇవ్వబోయి, ఆగి, గడప అవతల కొక్కేనికి తగిలించాడు. ఆ చొక్కా వంకే చూస్తూ అన్నాడు. "నువ్వు అక్కడ ఏమీ అనకు. దండం పెడతాను. ఉతికి చూపించి, ఫొటో దిగి వచ్చెయ్యి. తర్వాత ఇంట్లో ఎట్లా కావాలంటే అట్లా ఉతుక్కో."

ఆమె తడిగుడ్డ పెట్టి గది తుడవడం మొదలెట్టింది. తుడిచిన గుడ్డ పిండితే నీళ్లు బూడిదరంగులో దిగాయి. మళ్లీ తుడిచింది. మళ్లీ అదే రంగు.

మీటింగు రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద బల్ల, బల్ల పక్కన నీళ్లు నింపిన ఆమె బహుమతి బకెట్, వెనక గోడకు బొమ్మల పటం. సంక్షేమం మేడమ్ హడావిడిగా తిరుగుతోంది. మేనేజరు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. నవ్వుతూ వచ్చి సబ్బుబిళ్ల పక్కనే నిలబడ్డాడు. ఫొటో మనిషి సర్దుకుంటున్నాడు.

"మా కార్ఖానాకు అసలు బలం మీలాంటి ఇల్లాళ్లేనమ్మా," అన్నాడు మేనేజరు. "ఏదీ, మీ పనితనం చూపించండి. భయపడొద్దు."

ఆమె సంచి తెరిచింది. సంచిలో ఉన్నది ఉతికి మడతపెట్టిన చొక్కా అని మేడమ్ అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు. సబ్బుబిళ్ల తెచ్చింది నిన్న సాయంత్రం మొగుడి ఒంటి మీద నుంచి దిగిన చొక్కా. ముడతల్లో పొడి ఉన్నది ఉన్నట్టే ఉంది. దాన్ని మెల్లగా, పసిబిడ్డను దించినట్టు, రెండు చేతులతో బల్ల మీదికి దించింది.

"అయ్యో, శుభ్రమైనది తెస్తే సరిపోయేదిగా," అంది మేడమ్.

"శుభ్రమైనదాన్ని దులిపితే ఏం రాలుతుంది మేడమ్? పని చూపించమన్నారుగా."

ముందు వరసలో ఎవరో నవ్వారు. సబ్బుబిళ్ల చొక్కాను భుజాల దగ్గర పట్టుకుంది. పక్కనున్న మేనేజరు వంక ఓరగా చూస్తూ, దులపబోతున్నట్టు దాన్ని కొద్దిగా పైకెత్తింది. దులపలేదు. ఎత్తింది, అంతే.

మేనేజరు వెనక్కి ఒక్క గెంతు గెంతాడు. కుర్చీ తగిలి పడబోయి, నిలదొక్కుకుని, జేబులోంచి రుమాలు తీసి ముక్కూ నోరూ మూసుకున్నాడు. అచ్చం ఆవిరమ్మ మూసుకున్నట్టే.

సబ్బుబిళ్ల చొక్కాను అలాగే పట్టుకుని నిలబడింది. ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, ఆ అదురుకే పొడి రాలుతుందేమోనని ఆమెకు భయం వేసింది.

"ముక్కెందుకు మూసుకున్నారు సార్?"

"జలుబు," అన్నాడు మేనేజరు రుమాల్లోంచే. "నాకు దుమ్ము పడదు."

"మా పిల్లలకు పడుతుందా సార్?"

మేడమ్ పటం వంక చూసింది, మేనేజరు వంక చూసింది. "నాకిచ్చిన కాగితంలో దులపమనే ఉంది... ఆఫీసువాళ్లే ఇచ్చారు..." అని నసిగింది. ఆమె గుండ్రటి ముఖం పాలిపోయింది. ఆమెకు నిజంగానే తెలియదో, తెలియనట్టు ఉండటం ఆమె ఉద్యోగమో సబ్బుబిళ్ల ఇప్పటికీ తేల్చుకోలేదు.

సబ్బుబిళ్ల చొక్కాను చప్పుడు కాకుండా బకెట్లోకి దించింది. నీళ్లలో అది ఉబ్బి, బుడగలు వదిలి, మెల్లగా మునిగింది. బూడిదరంగు నీళ్ల మీదికి తేలింది.

"నేను దులపను," అంది. "దీన్ని మా గదికి తీసుకుపోను కూడా. మీ చొక్కా, మీ బకెట్. ఇవాళ్టి నుంచి మీరే ఉతికించుకోండి."

ముందు వరసలో కూర్చున్న మొగుడు తల దించుకున్నాడు. మేనేజరు అప్పటికే తలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్ణుంచే నవ్వు మొహం తెచ్చుకుని, "పాపం, పిల్లాడికి బాగాలేక బెంగ పెట్టుకున్నట్టున్నారు," అన్నాడు. "కార్యక్రమం ఆగకూడదు. రెండో బహుమతి ఎవరిది మేడమ్?"

ఎదురుగది అమ్మాయి లేచింది. చంకలో పాపను పక్కావిడకు అందించి, వేదిక ఎక్కింది. సబ్బుబిళ్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు చెల్లీ! చూశావుగా ఆయన ఎట్లా గెంతాడో."

"నీ మొగుడిది పర్మినెంటు అక్కా," అంది ఆ అమ్మాయి, కళ్లలోకి చూడకుండా. "మావాడికి ఈ నెలే రాస్తామన్నారు. వదులు."

ఎవరో ఇంకో చొక్కా తెచ్చి ఇచ్చారు. ఆ అమ్మాయి దులిపింది. టపటపమని, అందరికీ కనపడేలా, పటంలో ఉన్నట్టే దులిపింది. అప్పటికి మేనేజరు హాల్లో లేడు. ఫోను వచ్చిందని బయటికి వెళ్లాడు. మేనేజరు లేకుండానే ఫొటో తీశారు.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. సబ్బుబిళ్ల మొగుణ్ణి పలకల విభాగం నుంచి తీసి ఊడ్చే పనికి వేశారు. కూలి మూడోవంతు తగ్గింది. పొడి మాత్రం పెరిగింది. అతను రెండురోజులు పెళ్లాంతో మాట్లాడలేదు. మూడోరోజు సాయంత్రం పై చొక్కా లేకుండా, బనీనుతో ఇంటికి వచ్చాడు. చొక్కా ఏదని ఆమె అడిగితే, కుళాయి కింద తల పెట్టి చేతులు రుద్దుకుంటూ, "గేటు కడ్డీకి తగిలించి వచ్చాను. కావాలంటే ఉతుక్కుంటారు," అన్నాడు. ఒంటిమీద నీళ్లు ఆరేదాకా గడప లోపలికి రాలేదు. పిల్లవాణ్ణి అప్పుడు ఎత్తుకున్నాడు. ఆ మర్నాడు గేటు కడ్డీకి మరో చొక్కా వేలాడింది. అది ఎవరిదో తెలియదు. కంపెనీ వాటిని తీయనూ లేదు, ఉతకనూ లేదు. వానొస్తే తడుస్తున్నాయి, ఎండొస్తే ఆరుతున్నాయి.

పిల్లవాడు ఇంకా నిలబడటంలేదు. ఆమె రోజూ తడిగుడ్డతో గది తుడుస్తుంది. పిండిన నీళ్ల రంగు ఒకరోజు తగ్గినట్టుంటుంది, మరునాడు అనుమానం వస్తుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి ఆవిరమ్మ తోడొస్తానంది. ఆ చేతిని కూడా చూపించుకుంటానంది.

ఎదురుగది అమ్మాయి మాత్రం ఆమెతో మాట్లాడటం మానేసింది. మొగుడికి ఇంకా పర్మినెంటు రాయలేదు, రాస్తామంటూనే ఉన్నారు. సబ్బుబిళ్ల రెండుసార్లు వెళ్లి తలుపు తట్టింది. "నాకు మంచి జరుగుతుంటే నీకెందుకక్కా కడుపుమంట? నీ బకెట్ నువ్వే వదులుకున్నావు, నేను లాక్కున్నానా?" అని లోపలి నుంచే జవాబు. మధ్యాహ్నం ఎండ కిటికీల మీదికి దిగే వేళకు ఆ గదిలోంచి టపటపమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వెనకే పాప కిలకిలా నవ్వుతుంది. సబ్బుబిళ్ల తన గదిలో చెవులు మూసుకుని కూర్చుంటుంది. ఆ నవ్వు ఎందుకో ఆమెకు తెలుసు.

మీరెప్పుడైనా ఆ వరసగదుల వైపు వెళ్తే, కుళాయికి ఎదురుగా నీలంరంగు తలుపున్న గది అది. సబ్బుబిళ్ల తడితే తీయరు. మీరు కొత్తవాళ్లు, మీకు తీస్తారు. మంచినీళ్లు అడగండి, దారి అడగండి, ఏదో ఒకటి అడగండి. గడప లోపలికి ఒక్క అడుగు వేసి, ఆ పాప గోడ పట్టుకుని నిలబడుతోందో లేదో చూసి రండి.